గేట్లెత్తిన నాడు పీకిన నారు

ఎండిన కాలువలో కొత్తనీళ్లు ఎంత వేగంగా నడుస్తాయో నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు, వాటి పక్కన నడిచి తెలుసుకున్నాను. మనిషి తీరిగ్గా నడిస్తే గంటకు మూడు మైళ్లు పోతాడు. కొత్తనీళ్లు అందులో సగం పోతే గొప్ప. ముందు నేల తాగాలి, నెర్రెలు నిండాలి, ఎలుక బొక్కలు నిండాలి, ఆ తరవాతే నీళ్లు ముందుకు కదులుతాయి. ఇది నాకు తెలిసిన మరునాడే మా అక్క నారుమడి పోయింది. ఇరవై ఏళ్లు దాటాయి. ఆ కోపం నాలో ఇంకా పలచబడలేదు. పలచబడాలని నేను కోరుకోవడమూ లేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను నంద్యాలలో ఒక మట్టిపని కాంట్రాక్టరు దగ్గర కొలతలు వేసేవాణ్ణి. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. గుంత పొడవును వెడల్పుతో, దాన్ని లోతుతో గుణించడం గుంతలో నిలబడే నేర్చుకున్నాను. అలవాటు పడ్డాక కంటికి కనిపించిన ప్రతిదాన్నీ కొలవడం మొదలైంది. బావి లోతు, బండి బరువు, మనిషి అడుగు, ఏదీ వదిలేవాణ్ణి కాదు. నన్ను ఎరిగినవాళ్లు దాన్ని ఒక జబ్బులాగా చూసి నవ్వుకునేవాళ్లు.

మా అక్కను ఇచ్చిన ఊరు ఆళ్లగడ్డకు మూడు మైళ్లు. వాళ్ల మూడెకరాలూ పిల్లకాలువ చిట్టచివర ఉన్నాయి. పెద్దకాలువ నంద్యాలకు పైన, కొండల అంచున, ఏటికి అడ్డంగా కట్టిన డ్యాము దగ్గర మొదలవుతుంది. ఆ డ్యాము పేరు రాయను. మా వైపు వాళ్లకు రాయనక్కరలేదు, మిగతావాళ్లు తెలుసుకుని చేసేదీ లేదు. అంతకుముందు అక్కడ రాతి ఆనకట్ట ఉండేది. ఏరు వస్తే నీళ్లు వాటంతటవే కాలువలోకి ఎక్కేవి. డ్యాము కట్టాక గేట్లు వచ్చాయి. గేట్లతోపాటు గేట్లు ఎత్తేవాళ్లు వచ్చారు, ఎత్తమని చెప్పేవాళ్లు వచ్చారు, ఏ రోజు ఎత్తాలో తేల్చేవాళ్లు వచ్చారు.

చివరి చేలకు నీటి వంతు రెండు రోజులే. ఆ రెండు రోజుల్లో మడికి నీళ్లు పెట్టుకుని, దమ్ము చేసి, నాటు ముగించాలి. ముగించకపోతే వంతు పై ఊళ్లకు తిరిగిపోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకని అక్కడివాళ్లు నీళ్లు వచ్చేదాకా ఆగి నారు పీకరు. నీళ్లు బయల్దేరాయని కబురు రాగానే పీకి, కట్టలు కట్టి, గట్ల మీద పేర్చుకుని సిద్ధంగా ఉంటారు. కబురు తెచ్చేది ఊరి మనుషులే. గేట్లు ఎత్తేచోటికి పోయి, కళ్లారా చూసి, కొత్తనీళ్లు ఒక చెంబుతో ముంచుకుని, బండికి వేపమండలు కట్టుకుని వస్తారు. దారిలో ఒక్కో వంతెన దగ్గర ఒక మండ కట్టిపోతారు. మండ కనిపించిందంటే నీళ్లు వెనకాలే వస్తున్నట్టు లెక్క. పీకిన నారు రెండో రోజుకు వాడుతుంది, మూడో రోజుకు పసుపెక్కుతుంది. కాబట్టి ఆ మండ అబద్ధం చెప్పకూడదు. అప్పటిదాకా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడు ఆషాఢమంతా మబ్బులు నల్లమల మీదే తిరిగి పోయాయి. ఊళ్లో చాలా బావులు అడుగంటాయి. అక్క పక్క తోటాయన్ను బతిమాలి, ఆయన మిరపతోటలో కలుపు తీసి, ఆ పనికి బదులుగా ఆయన బావి మీద మోట తోలుకుని తన నారుమడి తడుపుకుంది. మా బావ మంచివాడే. కానీ పదిమంది చేరిన చోటు దొరికితే చేను మరిచిపోయే మనిషి. తెల్లవారుజామున ఎద్దుల వెనక నడిచింది చాలావరకు అక్కే. ఇంట్లో దాచిన విత్తనమంతా ఆ మడిలోనే ఉంది. అది పోతే మళ్లీ పోసుకోవడానికి గింజ లేదు.

ఆళ్లగడ్డ సంతలో దండోరా వేశారు. వచ్చే సోమవారం పొద్దున డ్యాము గేట్లు ఎత్తి కాలువకు నీళ్లు వదులుతారనీ, రైతులంతా వచ్చి చూడవచ్చనీ. నారు అప్పటికే ముదురుతూ ఉంది. అక్క ఊరివాళ్లు నంద్యాల మిల్లు లారీ ఒకటి మాట్లాడుకుని చీకటితో బయల్దేరారు. నేను నంద్యాలలో ఎక్కాలని ఏర్పాటు.

నేను ఎక్కేసరికి లారీ మీద ఇరవై మంది దాకా ఉన్నారు. మా బావ కొత్త తువ్వాలు తలకు చుట్టుకుని, డ్రైవరు తల వెనక చెక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“రా బామ్మర్దీ, నీకోసరమే ఎదురుసూస్తాండాం. ఆళ్లగడ్డ కాన్నుంచి ఈడికి లారీ చక్రం ఎన్ని సుట్లు తిరిగిండాదో చెప్పేవాళ్లు లేక ఎవురికీ తోచల్యా.”

చక్రం చుట్టుకొలత చెబితే లెక్క కట్టగలనని నేను అన్నాను. నిజంగానే అన్నాను. లారీ అంతా నవ్వింది. డ్రైవరు తల బయటపెట్టి, “సుట్లు కాదన్నా, పంచరు ఎన్నిసార్లు అయితాదో చెప్పమను, అది నాకు పనికొస్తాది,” అన్నాడు. ఆయన నంద్యాల ముస్లిము, అందరూ భాయ్ అనే పిలిచేవాళ్లు. ఆయన పక్కన కూర్చున్నది ఊరి పెద్దాయన. కబురు తెచ్చే చెంబు వాళ్ల ఇంటిదే. పసుపు గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా దాన్నే పట్టుకుంటున్నాడు గానీ తనను తాను పట్టుకోవడం లేదు.

బావ నాకు జొన్నరొట్టెల మూట అందించి, అక్క చెప్పమన్న మాట కూడా చెప్పాడు. తనమీద చెప్పిన మాటే అయినా దాచకుండా చెప్పాడు, అదీ ఆయన గుణం. “మీ అక్క ఏమన్యాదో తెల్సునా? మీ బావ గుంపును సూస్తాడు, నీళ్లను సూడడు, నీళ్లు నువ్వు సూడు అన్యాది.”

డ్యాము దగ్గరికి మేము ఎండ ఎక్కకముందే చేరాం. షామియానా వేశారు. కుర్చీలకు తెల్లగుడ్డలు కట్టారు. బ్యాండుమేళం వాళ్లు ఒక రాయి మీద కూర్చుని బీడీలు తాగుతున్నారు. మమ్మల్ని కట్ట మీద ఒక తాడుకు ఇవతల నిలబెట్టారు. నేను డ్యాములో నీటిమట్టం చూశాను. గోడ మీద అంకెలు వేసి ఉన్నాయి. నీళ్లు వాటిలో సగానికి తక్కువే. పోయిన ఏడు ఇదే సమయానికి ఎంత ఉండిందని అక్కడ నిలబడ్డ కాపలా మనిషిని అడిగాను. తనకు తెలియదన్నాడు, తాడు వెనక్కి పొమ్మన్నాడు. మట్టం తక్కువైనా గేటు అడుగున ఉంటుంది కాబట్టి నీళ్లు పోతాయి, కొన్నాళ్లకు సరిపోతాయి, ఈలోగా పైన వాన పడుతుంది. నా మనసులో లెక్క అలా నడిచింది.

రావలసిన పెద్దమనిషి మధ్యాహ్నం కావస్తుండగా వచ్చాడు. అప్పటికి మాతో వచ్చిన ముసలివాళ్లు ఇద్దరు లారీ కింద నీడలో పడుకున్నారు. దండలు వేశారు. ఆయన మాట్లాడాడు. ఈ నీళ్లు చిట్టచివరి రైతు చేను దాకా పారాలని తన కోరిక అన్నాడు. “చిట్టచివరి రైతు” అని మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ మా లారీవాళ్లు చప్పట్లు కొట్టారు. చిట్టచివరి రైతులు తామే కదా మరి.

తరవాత గేట్లు ఎత్తారు. ఇందులో అబద్ధం చెప్పను, అది చూడదగిన దృశ్యమే. మొదట ఇనుము కీచుమంది. గేటు కింద నుంచి ఒక తెల్లటి గీత కనిపించింది. ఆ గీత మందమై, ఒక్కసారిగా గోధుమరంగు నీళ్లు కాలువలోకి దూకాయి. కట్ట వణికింది. తుంపర మా ముఖాల దాకా వచ్చింది. తాడు ఏమైందో తెలియదు, అందరం కాలువ గట్టు మీద ఉన్నాం. పెద్దాయన పసుపు, కుంకుమ, బియ్యం నీళ్లలో వేసి, చెంబు ముంచి, కళ్లకు అద్దుకున్నాడు. బావ మోకాలి లోతు నీళ్లలో దిగి, పంచె తడిపి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ నన్ను పిలిచాడు. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. ఆ నీళ్లను నమ్మినందుకు నేను ఎవరినీ తప్పుపట్టను, నన్ను కూడా.

పెద్దాయన తొందరపెట్టాడు. కబురు నీళ్లకంటే ముందు పోవాలి. లారీకి ముందూ వెనకా వేపమండలు కట్టారు, వంతెనలకు కట్టడానికి ఇంకొన్ని మోపుగా వేసుకున్నారు. నేను ఎక్కలేదు. కొత్తనీళ్లు నడిచే వేగం కట్టాలని నాకు ఎప్పటినుంచో ఉండేది, ఆ అవకాశం మళ్లీ రాదు. నాలుగు మైళ్లు నడిచి, రోడ్డెక్కి, నంద్యాల బస్సు పట్టుకుంటానన్నాను. బావ పైనుంచి అరిచాడు: “నీళ్లకు అలుపొస్తే నువ్వు ఎత్తుకోని రా బామ్మర్దీ.”

లారీ పోయింది. నేను నీటిమొనతో నడవడం మొదలుపెట్టాను. కొత్తనీళ్ల ముందు భాగం నీళ్లలా ఉండదు. నురగ, ఎండుటాకులు, పేడ, పుల్లలు కలిసిన ఒక కట్ట దొర్లుకుంటూ వస్తుంది. దాని ముందు తొండలు, జెర్రులు పరుగెత్తుతాయి. నెర్రె దగ్గరికి వచ్చినప్పుడు నీళ్లు ఆగి, లోపలికి గుటకలు వేసినట్టు చప్పుడు చేసి, నిండాక ముందుకు కదులుతాయి. గట్టు మీద మైలురాళ్లున్నాయి. మొదటి మైలు గంటలోపే నడిచింది. రెండో మైలుకు గంట పట్టింది. మూడో మైల్లో నురగ పలచబడింది. అడ్డం వచ్చిన చిన్న ఇసుక దిబ్బను మొదట్లో దాటినంత సులభంగా దాటలేకపోయింది. నేల ఎక్కువ తాగుతోందనుకున్నాను. కాలువ అంచున ఒక పుల్ల గుచ్చి చూశాను. కాసేపటికి పుల్ల చుట్టూ తడి మాత్రమే ఉంది, నీళ్లు దిగిపోయాయి. నీళ్లు పారుతున్న కాలువలో మొన దగ్గర మట్టం పెరగాలి. తగ్గుతోందంటే వెనక నుంచి నీళ్లు రావడం లేదని అర్థం.

మూడో మైలు వంతెన దాటి కొంత దూరం పోయాక నీటిమొన ఆగిపోయింది. నా కళ్ల ముందే ఆగింది. ఒక మేకపిల్ల వచ్చి దాన్ని వాసన చూసింది.

అప్పుడే గట్టు మీద జీపు వచ్చింది. అందులో కాలువ అధికారి, ఒక ఓవర్సీరు. నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూసిపోవడానికి వచ్చారు. నేను చేయి అడ్డం పెట్టి ఆపి, నీళ్లు ఆగిపోయాయి, గేట్లకు ఏమైనా అయ్యిందేమో చూడండి అన్నాను. అధికారి దిగలేదు. కోప్పడనూ లేదు. మర్యాదగానే మాట్లాడాడు, ఆ మర్యాదే నాకు ఇప్పటికీ ఒంటికి మంట.

“గేట్లు దించేశామయ్యా. డ్యాములో మట్టం చాలదు. ఇవాళ ప్రారంభం మాత్రమే. అసలు నీళ్లు మట్టం వచ్చాక వదులుతాం.”

“ఎప్పుడు దించినారు?”

“ఆయన కారు వెళ్లిపోగానే.”

నేను ఆ నీళ్లు ఎక్కడిదాకా పోతాయో లెక్క చెప్పబోయాను. ఆయన ఓవర్సీరు వైపు చూశాడు. ఓవర్సీరు చేతిలో కాగితం కూడా లేకుండా, మూడున్నర మైళ్లు సార్ అన్నాడు. వాళ్లకు అంతా తెలుసు. నాకంటే బాగా తెలుసు. గేటు ఎంత ఎత్తాలో, ఎంతసేపు ఎత్తాలో, నీళ్లు ఎక్కడ చస్తాయో ముందురోజే కట్టి పెట్టుకున్నారు. తెలియక చేశారనుకుంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

“మరి దండోరా వేసినారే. కింద ఊళ్లల్లో నారు పీకుతారు.”

“నీళ్లు రాకుండా నారు ఎందుకు పీకుతారయ్యా?” అన్నాడాయన. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ కాలువకు అధికారి ఆయన. ఆ కాలువ చివర మనుషులు ఎలా నాటుకుంటారో ఆయనకు తెలియదు, ఎవరూ ఆయన్ను అడగలేదు, ఆయన ఎవరినీ అడగలేదు. మట్టం లేనప్పుడు సోమవారమే ఎందుకు పెట్టారని అడిగాను. ఆ పెద్దమనిషికి ఆ రోజే వీలైందట. తేదీ ఆయన వీలును బట్టి పెట్టారు, నీళ్లను బట్టి కాదు. జీపులో నంద్యాల దాకా తీసుకుపోమని అడిగాను. సర్కారు బండిలో బయటివాళ్లను ఎక్కించకూడదన్నాడు. జీపు వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయారు.

నేను రోడ్డు చేరి, ఎంతసేపటికో వచ్చిన బస్సులో నంద్యాల చేరేసరికి ఆళ్లగడ్డ వైపు ఆఖరు బస్సు పోయింది. మరునాడు మొదటి బస్సెక్కాను. రోడ్డూ కాలువా కలిసే ప్రతి వంతెనకూ మా వాళ్లు కట్టిన వేపమండ ఉంది. కొన్నిటికి ఎవరో అప్పుడే కుంకుమ పెట్టిపోయారు. వంతెనల మీద మనుషులు నిలబడి ఎండిన కాలువలోకి పై వైపుకు చూస్తున్నారు. శిరివెళ్ల దాటాక నారుమళ్లల్లో ఆడవాళ్లు వంగి ఉన్నారు. ఒకచోట బస్సు ఆగినప్పుడు నేను కిటికీలోంచి, నీళ్లు ఆపేశారు, నారు పీకొద్దు అని అరిచాను. ఒకామె నడుము పట్టుకుని లేచి నన్ను చూసి, “ఏ ఊరు నీది? మా వంతు మీరు కట్టుకుందామనా?” అంది. మిగతావాళ్లు నవ్వారు. బస్సు కదిలింది.

ఆమె మాట నాకు అర్థం కావడానికి ఆళ్లగడ్డలో దిగి, మూడు మైళ్లు సగం పరుగు సగం నడకతో ఊరు చేరాల్సివచ్చింది.

అక్క చేలో సగం నారు ఇంకా నిలబడే ఉంది. పచ్చగా, మోకాలి కింద దాకా. సగం పీకి ఉంది, కట్టలు గట్టు మీద వరుసగా పేర్చి ఉన్నాయి. అక్క నన్ను చూసి చేతులు కడుక్కోకుండానే గట్టు మీదికి వచ్చింది. నేను చెప్పింది మొత్తం విన్నది.

“నీ కండ్లతో సూసినావా?”

“ఆగిపోయిన చోట పుల్ల గుచ్చి చూసినానక్కా.”

ఆమె వెనక్కి తిరిగి తన ఇద్దరు కూలి ఆడవాళ్లను ఆపమంది. అంతలో బావ, పెద్దాయన, ఇంకో నలుగురు పొరుగు చేలవాళ్లు గట్టు మీదికి వచ్చారు. బావ తన పంచె చూపించాడు. అంచుకు గోధుమరంగు బురద ఎండి ఇంకా అంటుకునే ఉంది. “నేనూ సూసినా గదనే. నిన్న ఆ నీళ్లల్లో నిలబడి వచ్చినా. ఈ బురద యాడిది?”

అక్క ఆయన్ను చూడలేదు. పెద్దాయన్ను చూసింది. “పెద్దనాయనా, రేపు పొద్దన దాకా ఆగుదాం. వచ్చేవైతే ఈ రాత్రికి నీళ్లు పైవంతెన కాడికి రావల్ల గదా.”

పెద్దాయన నామీద అరవలేదు. కూర్చుని, చెప్పాడు. మూడేళ్ల కిందట ఇలాగే ఒకాయన సైకిల్ మీద వచ్చి నీళ్లు ఆగిపోయాయని చెప్పాడట. వీళ్లు నమ్మి నారు పీకలేదు. తెల్లారేసరికి నీళ్లు వచ్చాయి. వీళ్లు పీకి, కట్టలు కట్టేలోగా వంతులో ఒక రోజు పోయింది, పై ఊరివాళ్లు మిగిలిన నీళ్లు కట్టుకుపోయారు. ఆయన్ను పంపింది వాళ్లేనని తరవాత తెలిసింది. చివరి చేలవాళ్లకు నీళ్లు ఆగాయన్న మాటంటే ఆ సైకిల్ మనిషే గుర్తుకొస్తాడు.

“నువ్వు మా ఊరి కోడలి తమ్మునివి, నువ్వు అబద్ధం చెప్తాండావని నేననడంల్యా. నిన్ను ఎవురో నమ్మిచ్చినారు.”

“నన్నెవరూ నమ్మించలేదు పెద్దాయనా. నేను ఆ నీళ్లతో నడిచినాను.”

“పొయ్యే నీళ్లను మేమూ సూసినాం గదప్పా.”

ఇంకో మాట కూడా ఉంది. ఆ చివరి చేల వరసలో అక్క మడి నడుమ ఉంది. నీళ్లు ఆమె మడిలోంచే కింది నాలుగు మళ్లకు పోవాలి. ఆమె నాటుకోకపోతే ఆ వరస అంతా ఆగుతుంది. అందుకే అందరూ వచ్చారు. అక్క ఒప్పుకోలేదు. తన నారు తన ఇష్టం అంది. కావాలంటే నీళ్లు వచ్చినప్పుడు తన మడిని బీడుగా వదిలి, దారి ఇస్తానంది. బావ ఆమెను ఊరుకోమన్నాడు. ఆమె బావను అనవలసినవి అంది, అవి ఇక్కడ రాయను. నేను లెక్క చెబుతున్నాను. గంటకు ఇంత, మైలుకు ఇంత అని వేళ్ల మీద చెబుతున్నాను. ఎవరూ వినడం లేదు. కాలువ వైపు వీపు పెట్టి, మడి వైపు వీపు పెట్టి, మేమంతా గట్టు మీద ఒకరి ముఖంలోకి ఒకరం అరుచుకుంటున్నాం.

అరుపులు ఆగాక మడిలోంచి నవ్వు వినిపించింది. తిరిగి చూశాం.

మా వైపు ఒకరి చేలో ఒకరు బదులుకు బదులు పని చేస్తారు, దాన్ని ముయ్యి అంటారు. అక్క అంతకుముందు ఆరు ఇళ్లవాళ్ల చేలల్లో కలుపు తీసి వచ్చింది. ఆ ఆరిళ్ల ఆడవాళ్లూ ఆ పొద్దున తమ నారు పీకడం అయిపోగానే, ఎవరూ పిలవకముందే, అవతలి గట్టు మీదుగా వచ్చి, ముయ్యి తీర్చుకుందామని మిగతా సగం నారూ పీకేశారు. అక్క ఆపమన్న ఇద్దరూ చెప్పబోయారట. వచ్చినవాళ్లు, ఆమెకు మొగమాటం, మేము పీకుతాంలే అన్నారట. మడి బోసిగా ఉంది. కట్టలు ఎంత ముచ్చటగా కట్టారంటే, వేళ్లన్నీ ఒక వైపుకు, గడ్డిపరకతో రెండు చుట్లు. వాళ్లల్లో పెద్దామె బురద చేతులతో నుదురు తుడుచుకుంటూ, “నీది గూడా అయిపాయ పొమ్మే,” అంది అక్కతో.

వాళ్లను ఏమనాలి? అక్క గట్టు మీద కూర్చుంది. నేను మొదటిసారి ఆమె ముఖంలో లెక్క చూశాను: ఎన్ని కట్టలు, బావిలో ఎన్ని బొక్కెనలు, ఎన్నాళ్లు.

ఆ రాత్రి నీళ్లు పైవంతెన దగ్గరికి రాలేదు. మరునాడూ రాలేదు. ఊరంతా బిందెలతో కట్టల మీద నీళ్లు చల్లింది. తోటాయన బావి అడుగు కనిపించాక ఆయనా తాడు తీసి లోపల పెట్టుకున్నాడు, అది ఆయన తప్పు కాదు. బావ రెండు పూటలు కాలువ వెంట పైకి నడిచిపోయి వచ్చాడు. వచ్చాక నాతో జోకులు వేయలేదు. మూడో రోజుకు కట్టల లోపల వేడెక్కింది. చేయి పెడితే కాలింది. కొసలు పసుపెక్కాయి. నాలుగో రోజుకు వాసన మొదలైంది.

పెద్దాయన ఆ రోజు చెంబు తీసుకుని అక్క చేను దగ్గరికి వచ్చాడు. పసుపు గుడ్డ తీసి, ఆ కొత్తనీళ్లు ఆమె కట్టల మీద పోయబోయాడు. తన తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే అనుకుంటాను. అక్క ఆ చెంబు పట్టుకుని ఆపింది.

“వద్దు పెద్దనాయనా. ఇంత దూరం మోసుకోనొచ్చినావు, తాగు.”

ఆయన తాగలేదు. చెంబు గట్టు మీద పెట్టి పోయాడు. అది సాయంత్రం దాకా అక్కడే ఉంది. ఆ సోమవారం వదిలిన నీళ్లల్లో చిట్టచివరి రైతు చేను దాకా వచ్చింది ఆ చెంబెడే.

అసలు నీళ్లు రెండు వారాలు దాటాక వచ్చాయి. దండోరా లేదు, బ్యాండు లేదు. ఒక తెల్లవారుజామున కాలువ నిండా ఎర్రగా వచ్చాయి. అప్పటికి కుళ్లిన నారును ఎద్దులకు వేశారు, ఎద్దులు కూడా సరిగా ముట్టలేదు. నేను ఆ రోజు అక్క దగ్గరే ఉన్నాను. కాలువ గట్టు మీద అదే జీపు వచ్చింది. వరసగా మళ్లన్నీ నీళ్లు లోపలికి వచ్చే మడవలు మూసి ఉండటం, నీళ్లు ఎవరూ పెట్టుకోకపోవడం చూసి అధికారి జీపు ఆపాడు. నన్ను గుర్తుపట్టలేదు. అక్కను అడిగాడు:

“ఏమ్మా, నీళ్లు వచ్చినా పెట్టుకోరేం?”

అక్క చేతిలో కొడవలి ఉంది. కలుపు కోస్తున్నది ఆపలేదు.

“పెట్టుకోని ఏం జేయల్ల సామీ? మొగం కడుక్కోవల్నా?”

ఆయనకు అర్థం కాలేదు. ఓవర్సీరుకు అర్థమైంది, తల అవతలికి తిప్పుకున్నాడు. జీపు పోయింది. వాళ్లు ఆ వంతు నీళ్లను వాడనట్టు రాసుకున్నారనీ, చివరి చేలవాళ్లకు నీళ్ల అవసరం అంతగా లేదని ఆ ఏడు నుంచి ఆఫీసులో ఒక మాట పుట్టిందనీ నాకు తరవాత ఓవర్సీరే చెప్పాడు. చెప్పేటప్పుడు కూడా మర్యాదగానే చెప్పాడు.

అక్క ఆ మూడెకరాల్లో ఆలస్యంగా కొర్ర చల్లింది. ఆ గింజలు ముయ్యికి నారు పీకిన పెద్దామె ఇంటి నుంచే వచ్చాయి. కొంత పండింది, కొంత పోయింది.

మరుసటి ఏడు గేట్లు ఎత్తే రోజు వచ్చినప్పుడు పెద్దాయన నాకోసం నంద్యాలకు మనిషిని పంపాడు. లారీ యథాప్రకారం పోయింది, చెంబూ పోయింది, వేపమండలూ పోయాయి. కానీ అవి తిరిగి వచ్చాక కూడా ఊళ్లో ఎవరూ నారు ముట్టలేదు. నేను డ్యాము కింద వంతెన మీద కూర్చున్నాను. కార్లు వెళ్లిపోయేదాకా, షామియానా విప్పేదాకా, మరునాడు పొద్దున కూడా గేటు ఎత్తే ఉందని చూసుకునేదాకా. అప్పుడు మొదటి బస్సులో వచ్చి చెప్పాను, ఆ తరవాతే నారు పీకారు. చివరి చేలల్లో ఇప్పటికీ అదే పద్ధతి. మండతో వచ్చేవాళ్లు ముందు వస్తారు, వాళ్లకు భోజనం పెడతారు, చెంబుకు దండం పెడతారు. నారుమడి గట్టు మీద మాత్రం అక్క కొడవలి పక్కన పెట్టుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరినీ ఒకే మాట అడుగుతుంది.

“రెండో మనిషి వచ్చినాడా?”

రానంతవరకు ఆమె మడిలో దిగదు, ఎవరినీ దిగనివ్వదు. అవతలి గట్టు మీద కూడా ఒకరిని కాపలా పెడుతుంది.